మెష్‌ను బయటి నెట్‌వర్క్‌కు కలిపే గేట్‌వే: ఒక రేడియోతోనా, రెండు బోర్డులతోనా?

మీ ప్రశ్నలోని పరిస్థితిని ముందుగా ఒకసారి చెప్పుకుందాం. ఈఎస్‌పీ8266, ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డులు కలిపి 18 నోడ్లతో, పెయిన్‌లెస్‌మెష్ లైబ్రరీ మీద మీ మెష్ (బోర్డులు ఒకదాని ద్వారా మరొకటి సందేశాలు అందించుకునే నెట్‌వర్క్) నడుస్తోంది. ఒక్కో నోడ్ 30 సెకన్లకు ఒకసారి ఉష్ణోగ్రత, తేమ రీడింగులు పంపుతోంది, మెష్ లోపల అంతా సవ్యంగానే ఉంది. భవనంలో అప్పటికే ఉన్న వైఫై నెట్‌వర్క్‌లోని ఎంక్యూటీటీ బ్రోకర్‌కు (సందేశాలు అందుకుని, కావలసినవాళ్లకు పంచే సర్వర్) ఆ రీడింగులను చేర్చాలని ఒక నోడ్‌లో రూటర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టి మామూలు పద్ధతిలో కనెక్ట్ చేశారు. ఆ నోడ్ బ్రోకర్‌ను అందుకుంటోంది గాని మెష్ నుంచి జారిపోతోంది. కాసేపటికి తిరిగి వస్తోంది, మళ్లీ పోతోంది. దీన్ని సరిచేయడం ఎలా అన్నది మీ మొదటి ప్రశ్న. మెష్‌నూ వైఫైనీ ఒకే నెట్‌వర్క్‌గా కలిపేసి, ప్రతి నోడ్ నేరుగా బ్రోకర్‌తో మాట్లాడేలా చేయవచ్చా అన్నది రెండో ప్రశ్న.

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది తేలితే మొదటిది సగం తేలినట్టే. పెయిన్‌లెస్‌మెష్‌లో అది కుదరదు, మీ పనికి అవసరమూ లేదు. ఆ లైబ్రరీ కట్టేది ఐపీ నెట్‌వర్క్ కాదు. ఇరుగుపొరుగు నోడ్ల మధ్య మాత్రమే వైఫై, టీసీపీ కనెక్షన్లు ఉంటాయి; వాటి మీదుగా జేసన్ అనే అక్షర రూపంలోని సందేశాలు ఒక నోడ్ నుంచి మరో నోడ్‌కు చేతులు మారుతూ వెళ్తాయి. సందేశం ఎవరికి చేరాలో చెప్పేది ఐపీ చిరునామా కాదు, బోర్డు మ్యాక్ చిరునామా నుంచి పుట్టిన 32 బిట్ల నోడ్ ఐడీ. కాబట్టి మూడు అంచెల అవతల ఉన్న నోడ్‌కు బ్రోకర్ దాకా వెళ్లే ఐపీ దారి అంటూ ఏదీ లేదు. రూటర్ దృష్టిలో ఆ నోడ్ అసలు ఉనికిలోనే లేదు. ఈ రెండింటినీ కలపగలిగేది ఒక్కటే: రెండు వైపులా నిలబడి, ఈవలి సందేశాన్ని చదివి ఆవలి భాషలో తిరిగి రాసే గేట్‌వే. దుబాసీ చేసే పని అది. రెండు నెట్‌వర్క్‌లను ఒకటి చేయాలన్న ఆలోచన వదిలి, మధ్యలో ఒక నమ్మకమైన దుబాసీని నిలబెట్టాలన్న ఆలోచనకు వస్తే, ఇక తేల్చవలసింది ఆ దుబాసీకి రేడియోలు ఎన్ని ఉండాలన్నదే.

ఇప్పుడు మీ నోడ్ ఎందుకు జారిపోతోందో చూద్దాం. ఈఎస్‌పీ8266లోనూ, మీ దగ్గరున్న ఈఎస్‌పీ32లోనూ ఉన్నది 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే ఒకే ఒక్క రేడియో. అది ఒక క్షణంలో ఒకే ఛానల్ మీద ఉండగలదు. ఒకే బోర్డు యాక్సెస్ పాయింట్‌గానూ (ఇతరులు వచ్చి కలిసే చోటు) స్టేషన్‌గానూ (తానే వెళ్లి మరోదానికి కలిసేది) ఏకకాలంలో పనిచేస్తున్నట్టు కనిపించినా, రెండు పాత్రలూ పంచుకునేది ఆ ఒక్క ఛానల్‌నే. స్టేషన్ పాత్రలో మీ నోడ్ రూటర్‌ను అందుకున్న మరుక్షణం, రూటర్ ఏ ఛానల్‌లో ఉంటే దాని సొంత యాక్సెస్ పాయింట్ కూడా ఆ ఛానల్‌కు వెళ్లిపోతుంది. మీరు కోడ్‌లో మెష్ ఛానల్ ఏదని రాసినా సరే, ఈ విషయంలో స్టేషన్ మాటే చెల్లుతుంది. మీరు ఛానల్ విడిగా ఇవ్వకపోతే పెయిన్‌లెస్‌మెష్ ఒకటో ఛానల్ మీద నడుస్తుంది, పొరుగు నోడ్ల కోసం వెతికేది కూడా అక్కడే. మీ రూటర్ పదకొండో ఛానల్‌లో ఉందనుకోండి: గేట్‌వే పదకొండుకు వెళ్లిపోయింది, మిగతా 17 నోడ్లు ఒకటో ఛానల్‌లో దాని కోసం వెతుకుతూనే ఉంటాయి.

దీనికి తోడు రెండో కారణం ఉంది, చాలామంది గమనించనిది ఇదే. పెయిన్‌లెస్‌మెష్‌లో ప్రతి నోడ్ తన స్టేషన్ పాత్రను మరో నోడ్ యాక్సెస్ పాయింట్‌ను పట్టుకోవడానికి వాడుకుంటుంది; మెష్ చెట్టులా పెరిగేది ఆ విధంగానే. మీరు నేరుగా వైఫై కనెక్షన్ తెరిచినప్పుడు ఆ స్టేషన్‌ను లైబ్రరీ చేతిలోంచి లాక్కున్నట్టే. లైబ్రరీ దాన్ని తిరిగి లాక్కుని మెష్‌లో ఒక పొరుగు నోడ్‌కు తగిలిస్తుంది. మీ కోడ్ మళ్లీ రూటర్‌కు తగిలిస్తుంది. మీరు చూస్తున్న రాకపోకలు ఈ పెనుగులాటే తప్ప సిగ్నల్ బలహీనత కాదు. యాంటెన్నా మార్చినా ఇది తగ్గదు.

ఒకే బోర్డుతో పని కానివ్వాలంటే మార్గం ఉంది, లైబ్రరీతో పాటు వచ్చే ఎంక్యూటీటీ బ్రిడ్జ్ ఉదాహరణ చూపించేదీ అదే. రూటర్ కనెక్షన్‌ను మీరు తెరవకూడదు. స్టేషన్‌మాన్యువల్ అనే ఫంక్షన్‌కు రూటర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లైబ్రరీ చేతనే తెరిపించాలి. మెష్‌ను ప్రారంభించేటప్పుడు రూటర్ ఉన్న ఛానల్ సంఖ్యనే ఇవ్వాలి, అది గేట్‌వేలో మాత్రమే కాదు, 18 నోడ్లలోనూ. గేట్‌వేలో సెట్‌రూట్‌ను నిజం చేయాలి. సెట్‌కంటైన్స్‌రూట్‌ను మాత్రం అన్ని నోడ్లలోనూ నిజం చేయాలి. ఈ చివరి మాటను దయచేసి తేలిగ్గా తీసుకోకండి. గేట్‌వే స్టేషన్ రూటర్‌కు అంకితమైపోయింది గనుక అది తానుగా వెళ్లి మెష్‌లో ఎవరినీ పట్టుకోలేదు. మిగతావాళ్లే వచ్చి దాని యాక్సెస్ పాయింట్‌ను పట్టుకోవాలి. చెట్టుకు ఒక వేరు (రూట్) ఉందని మిగతా నోడ్లకు తెలియకపోతే, అవి తమలో తాము ఒక గుంపు కట్టుకుని తృప్తిగా ఆగిపోతాయి. గేట్‌వే వాటి పక్కనే ఒంటరిగా ఉంటుంది. వేరు ఉందని తెలిస్తే, అది లేని గుంపు తనను తాను విడదీసుకుని మళ్లీ వెతుకుతుంది.

రూటర్ వైపు కూడా ఒక పని ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ భాగంలో ఛానల్‌ను ఆటో అన్న అమరికలో వదలకుండా ఒక సంఖ్య దగ్గర స్థిరపరచాలి. ఒకటి, ఆరు, పదకొండు ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు కాబట్టి వాటిలో రద్దీ తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోండి. పన్నెండు, పదమూడు జోలికి వెళ్లవద్దు. కొన్ని దేశాల అమరికల్లో బోర్డులు వాటిని వినవు.

రూటర్ మన చేతిలో లేనప్పుడు ఏమవుతుందో నాకు అనుభవమే. నేను పెట్టిన ఒక మెష్ పగలంతా బాగా నడిచి, కొన్ని రాత్రులు ఉన్నట్టుండి మాయమయ్యేది. బయట నుంచి చూస్తే నోడ్లన్నీ ఒకేసారి చచ్చిపోయినట్టు ఉండేది. విద్యుత్ సరఫరాను అనుమానించి రెండు రోజులు దాని వెంట పడ్డాను. చివరికి గేట్‌వేకు సీరియల్ కేబుల్ తగిలించి, నిమిషానికి ఒకసారి మూడు విషయాలు అచ్చయ్యేలా చేశాను: ప్రస్తుత ఛానల్, మెష్‌లో కనిపిస్తున్న నోడ్ల సంఖ్య, బ్రోకర్ కనెక్షన్ ఉందా లేదా. మర్నాడు ఉదయం ఆ లాగ్‌లో వరుసగా "ఛానల్ 6, నోడ్లు 11, బ్రోకర్ ఉంది" అన్న వరుసలు, ఒకచోట "ఛానల్ 11, నోడ్లు 0, బ్రోకర్ ఉంది" అన్న వరుస, దాని తరువాత తెల్లవారే దాకా అదే. రాత్రి రూటర్ తనంతట తాను ఛానల్ మార్చుకుంది, గేట్‌వే దాని వెంట వెళ్లింది, మెష్ ఆరో ఛానల్‌లోనే మిగిలిపోయింది. నోడ్లు ఎక్కడికీ పోలేదు, పోయింది గేట్‌వే. ఆ మూడు సంఖ్యల లాగ్‌ను అప్పటి నుంచి నేను ఏ గేట్‌వేలోనూ తీసివేయలేదు, మీరూ మొదటి రోజే పెట్టుకోండి.

ఒకే బోర్డు పద్ధతిలో ఇంకో బలహీనత ఉంది. మెష్ బతికి ఉండాలంటే లైబ్రరీ అప్‌డేట్ ఫంక్షన్ ఎడతెగకుండా పిలవబడుతూ ఉండాలి; అందుకే ప్రధాన లూప్‌లో డిలే వాడవద్దని దాని పత్రాలు గట్టిగా చెబుతాయి. మీరు పబ్‌సబ్‌క్లయింట్ లాంటి ఎంక్యూటీటీ లైబ్రరీ వాడుతున్నట్లయితే, బ్రోకర్ పలకనప్పుడు దాని కనెక్ట్ పిలుపు అక్కడే నిలిచిపోతుంది; దాని సాకెట్ టైమవుట్ మామూలుగా 15 సెకన్లు. అంతసేపు మెష్ పని ఆగితే పొరుగు నోడ్లు గేట్‌వే పోయిందనుకుని తెగతెంపులు చేసుకుంటాయి, చెట్టంతా మళ్లీ కట్టుకోవాలి. అంటే బయటి నెట్‌వర్క్‌లో ఒక సర్వర్ రీస్టార్ట్ అయితే లోపలి మెష్ కూలుతుంది. రెంటినీ వేరుగా ఉంచడానికే గేట్‌వే పెట్టుకున్నాం. ఒకదాని జబ్బు రెండోదానికి అంటే పని చెడినట్టే.

అందుచేత నా సలహా స్పష్టంగా చెబుతాను. ప్రయోగం వరకైతే, రూటర్ మీ అదుపులో ఉంటే, ఒకే బోర్డు చాలు. నెలల తరబడి ఎవరూ ముట్టుకోకుండా నడవవలసినదైతే రెండు బోర్డులు పెట్టండి. మొదటి బోర్డు మెష్‌లో మామూలు నోడ్ లాంటిదే, చెట్టుకు వేరు (రూట్) పాత్ర మాత్రం దానిది. దానికి రూటర్ సంగతే తెలియదు. రెండో బోర్డుకు మెష్ సంగతే తెలియదు; అది వైఫై ద్వారానో ఈథర్‌నెట్ ద్వారానో బ్రోకర్‌తో మాట్లాడుతుంది. రెంటి మధ్య మూడు తీగల సీరియల్ లింకు. రూటర్ ఏ ఛానల్‌కు మారినా మెష్‌కు పట్టదు; బ్రోకర్ గంటసేపు పడుకున్నా మొదటి బోర్డు లూప్ ఆగదు. ఇది ఆర్భాటమేమీ కాదు. ఈ చిప్‌లు తయారుచేసే ఎస్‌ప్రెసిఫ్ సంస్థ, థ్రెడ్ అనే మరో రకం మెష్‌ను బయటి నెట్‌వర్క్‌కు కలిపే తన బోర్డర్ రూటర్ బోర్డును రూపొందించినప్పుడు వైఫై కోసం ఈఎస్‌పీ32-ఎస్3ని, మెష్ రేడియో కోసం ఈఎస్‌పీ32-హెచ్2ని, రెండు వేర్వేరు చిప్‌లను పక్కపక్కన పెట్టింది. జిగ్‌బీ అనే మరో మెష్ రేడియో వాడేవాళ్లు కంప్యూటర్‌కు గుచ్చే యూఎస్‌బీ కోఆర్డినేటర్ కూడా ఇదే పద్ధతి: రేడియో ఒకచోట, బయటి నెట్‌వర్క్ మరోచోట, మధ్యలో సీరియల్.

ఆ తీగల సంగతి కాస్త దగ్గర నుంచి చూద్దాం, ఎందుకంటే తప్పులు జరిగేది ఇక్కడే. మొదటి బోర్డు పంపే పిన్ను రెండో బోర్డు అందుకునే పిన్నుకు, రెండోది పంపే పిన్ను మొదటిది అందుకునే పిన్నుకు, గ్రౌండ్ గ్రౌండ్‌కు వెళ్లాలి. రెండు బోర్డులకు వేర్వేరు అడాప్టర్లు పెట్టినవాళ్లు గ్రౌండ్ తీగను మరిచిపోవడం నేను చాలాసార్లు చూశాను. అప్పుడు అక్షరాలు కొన్నిసార్లు సరిగ్గా, కొన్నిసార్లు చెత్తగా వస్తాయి, కోడ్‌లో తప్పుందని భ్రమపడతాం. రెండు బోర్డులూ 3.3 వోల్టులవే కాబట్టి లెవెల్ మార్పిడి అక్కర్లేదు. బూట్ సందేశాలు వచ్చే సున్నా సంఖ్య సీరియల్ పోర్టును ఈ పనికి వాడవద్దు. ఈఎస్‌పీ32 వ్రూమ్ మాడ్యూల్ అయితే 16, 17 పిన్నుల మీద రెండు సంఖ్య పోర్టును తెరవండి. వ్రోవర్ మాడ్యూల్‌లో ఆ పిన్నులు అదనపు మెమరీకి పోయాయి కనుక వేరే పిన్నులు ఎంచుకోవాలి. ఈఎస్‌పీ8266కు రెండు దిక్కులా పనిచేసే పూర్తి పోర్టు ఒక్కటే ఉంది, రెండోది పంపగలదే గాని అందుకోలేదు. అందువల్ల ఈ రెండు స్థానాలకూ ఈఎస్‌పీ32లే పెట్టడం మేలు. తీగ పొడవు మీటరు లోపు ఉంచండి. దూరం తప్పనిసరైతే పొడవైన తీగల కోసం ఉన్న ఆర్‌ఎస్-485 పద్ధతి వాడాలి.

వేగం గురించి బెంగ అక్కర్లేదు, లెక్క వేసి చూపిస్తాను. ఒక రీడింగు సుమారు 120 బైట్ల జేసన్ అనుకుందాం. 18 నోడ్లు 30 సెకన్లకు ఒకసారి పంపితే సగటున సెకనుకు 72 బైట్లు. 1,15,200 బాడ్ వద్ద సీరియల్ లింకు సెకనుకు 11,520 బైట్లు మోయగలదు. మీరు వాడేది అందులో నూటికి ఒక వంతు కూడా కాదు. కాని సగటును నమ్ముకుంటే సరిపోదు. అన్ని నోడ్లూ ఒకే క్షణంలో పంపితే 2,160 బైట్లు ఒక్కసారిగా వస్తాయి. ఆర్డుయినో అమరికలో ఈఎస్‌పీ32 అందుకునే బఫర్ మామూలుగా 256 బైట్లే. ఆ సమయానికి రెండో బోర్డు బ్రోకర్ కోసం ఎదురుచూస్తూ ఉంటే మిగతాదంతా నేలపాలు. కాబట్టి పోర్టు తెరవడానికి ముందే, తరువాత కాదు, బఫర్‌ను 4,096 బైట్లకు పెంచండి. సీరియల్ చదివే పనిని, బోర్డులో నడిచే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీఆర్‌టీఓఎస్‌లో విడి టాస్క్‌గా పెట్టండి. నోడ్లలో ప్రతి దానికీ కొన్ని సెకన్ల యాదృచ్ఛిక ఆలస్యం కలిపి అవన్నీ ఒకేసారి పలకకుండా చూడండి.

సందేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రెండో బోర్డుకు తెలియాలి. మీ అవసరానికి ఒక్కో జేసన్‌ను ఒక్కో వరుసగా రాసి, చివర కొత్త వరుస గుర్తు పెట్టడం చాలు. జేసన్‌ను పలు వరుసలుగా పేర్చకుండా బిగించి రాస్తే లోపల ఆ గుర్తు రాదు. గుర్తుకు ముందు 16 బిట్ల సీఆర్‌సీని (సందేశం దారిలో చెడిందో లేదో పట్టించే తనిఖీ సంఖ్య) నాలుగు హెక్సాడెసిమల్ అంకెలుగా జోడించండి. సీఆర్‌సీ సరిపోలని వరుసను మారుమాట లేకుండా పారేసి, ఎన్ని పారేశారో లెక్కపెట్టుకోండి. ఆ లెక్క పెరుగుతోందంటే తీగలోనో గ్రౌండ్‌లోనో లోపం ఉందని అర్థం. రేపు బైనరీ సందేశాలకు మారితే కొత్త వరుస గుర్తు పనికిరాదు, అప్పుడు స్లిప్ పద్ధతి చక్కగా సరిపోతుంది. 1988 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1055లో ఉన్న పాత పద్ధతి అది. 192 అన్న బైటు సందేశం ముగిసిందని చెబుతుంది. సందేశం లోపలే 192 వస్తే దాన్ని 219, 220 అన్న జంటగా, 219 వస్తే 219, 221 అన్న జంటగా రాస్తారు. రాయడానికి ఇరవై వరుసల కోడ్ కూడా పట్టదు.

రెండో బోర్డుకు వైఫై కన్నా ఈథర్‌నెట్ దొరికే చోటైతే దాన్నే ఎంచుకోండి. ఎస్‌పీఐ మీద పనిచేసే డబ్ల్యూ5500 మాడ్యూల్ గాని, ల్యాన్8720 చిప్ ఉన్న ఈఎస్‌పీ32 బోర్డు గాని చాలు. గాలిలో ఒకే రేడియో మిగులుతుంది, రూటర్ పాస్‌వర్డ్ మారినప్పుడల్లా గేట్‌వే దగ్గరికి పరుగెత్తవలసిన పని ఉండదు. వైఫై తప్పనిసరైతే రెండు బోర్డుల యాంటెన్నాలను ఒకదాని పక్కన ఒకటి అతికించకండి. పక్కనే గట్టిగా అరుస్తున్న రేడియో ఉంటే రెండోదానికి దూరపు నోడ్ల సన్నని స్వరం వినపడదు. కనీసం ఒక చేతి పొడవు దూరం ఉంచి, మెష్‌ను ఒకటో ఛానల్‌లో, రూటర్‌ను పదకొండులో పెట్టండి. సరఫరా విషయంలో ఒక్క మాట: ఒక్కో ఈఎస్‌పీ32కు కనీసం 500 మిల్లీయాంపులు ఇవ్వగల సరఫరా ఉండాలి, రెండు బోర్డులను ఒకే చిన్న అడాప్టర్ మీద వేలాడదీస్తే వోల్టేజి పడిపోయి రీసెట్లు వస్తాయి.

రూటర్ లేకుండా బోర్డులు నేరుగా మాట్లాడుకునే ఈఎస్‌పీ-నౌ పద్ధతికి మారితే ఈ బాధలన్నీ తప్పుతాయని కొందరు చెబుతారు. అది మంచి పద్ధతే. కనెక్షన్ కట్టుకునే శ్రమ లేదు, బ్యాటరీ నోడ్లకు బాగా సరిపోతుంది. కాని అక్కడా రేడియో ఒక్కటే, ఛానల్ నియమం అదే. దానికి తోడు గేట్‌వే రూటర్‌కు స్టేషన్‌గా కనెక్ట్ అయి ఉన్నప్పుడు విద్యుత్ పొదుపు కోసం రేడియో మధ్య మధ్య కునుకు తీస్తుంది, ఆ కునుకులో వచ్చిన ఈఎస్‌పీ-నౌ ప్యాకెట్లు పోతాయి. వైఫై స్లీప్‌ను ఆపివేయక తప్పదు. ఈఎస్‌పీ-నౌ మొదటి వెర్షన్‌లో ఒక ప్యాకెట్ 250 బైట్లకు మించకూడదు, జత చేసుకోగల నోడ్లు 20. బ్రాడ్‌కాస్ట్‌గా పంపితే అవతలివాళ్లు అందుకున్నారన్న రసీదు ఉండదు, గుప్తీకరణా ఉండదు. రెండు బోర్డుల గేట్‌వే దీనికీ అంతే చక్కగా పనిచేస్తుంది.

ప్రతి నోడ్‌కూ నిజంగానే తన సొంత ఐపీ చిరునామా కావాలంటే, అంటే రేపు ఒక్కో నోడ్ వేర్వేరు సర్వర్లతో మాట్లాడవలసి ఉంటే, అప్పుడు చూడవలసింది థ్రెడ్. అది 802.15.4 రేడియో మీద ఐపీవీ6 నడిపే మెష్. ఆ రేడియోలో ఒక ఫ్రేమ్ 127 బైట్లే, ఐపీవీ6 మాత్రం కనీసం 1,280 బైట్ల ప్యాకెట్ మోయాలంటుంది. మధ్యలో 6లోప్యాన్ అనే పొర శీర్షికలను కుదించి, ప్యాకెట్లను ముక్కలు చేసి ఆ తేడాను పూడుస్తుంది. బోర్డర్ రూటర్ అక్కడ దుబాసీ కాదు, నిజమైన రూటరే. కాని మీ దగ్గరున్న బోర్డుల్లో ఆ రేడియో లేదు. ఈఎస్‌పీ32-సీ6, హెచ్2 లాంటివి కొనాలి. ఉష్ణోగ్రత, తేమ కోసం అంత మార్పు చేయమని నేను చెప్పను.

ఇక రెండో బోర్డులో అనువాదం ఎలా ఉండాలన్నది. ప్రతి సందేశంలోనూ నోడ్ ఐడీ, ఆ నోడ్ పెంచుకుంటూ పోయే వరుస సంఖ్య, రీడింగు తీసి ఎంతసేపైందన్న మిల్లీసెకన్ల వయసు ఉండాలి. గడియారపు వేళ పంపమని నోడ్లను అడగకండి. మెష్ లైబ్రరీ ఇచ్చే సమయం అన్ని నోడ్లలో ఒకేలా ఉంటుంది గాని అది లోక సమయం కాదు. 32 బిట్లలో మైక్రోసెకన్లను లెక్కించే ఆ అంకె సుమారు 71 నిమిషాలకోసారి తిరిగి సున్నాకు వస్తుంది. లోక సమయం తెలిసేది, నెట్‌వర్క్ మీద వేళ చెప్పే ఎన్‌టీపీని అందుకోగల రెండో బోర్డుకే. అందిన వేళలోంచి వయసును తీసివేసి, అసలు వేళను అదే ముద్రించాలి.

బ్రోకర్ అందనప్పుడు సందేశాలు ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకోండి. మీ లెక్కన నిమిషానికి 36 సందేశాలు. జేసన్‌గా దాచుకుంటే గంటకు 2,59,200 బైట్లు అవుతుంది, మొత్తం ర్యామ్ 520 కిలోబైట్లే ఉండి అందులో చాలా భాగం వైఫై తినేసే బోర్డులో అది ఇమడదు. అదే రీడింగును 16 బైట్ల బైనరీ రికార్డుగా మార్చి దాచుకుంటే గంటకు 34,560 బైట్లు, హాయిగా ఇముడుతుంది. నిండిపోయినప్పుడు పాతవాటిని వదిలేయండి. కనెక్షన్ తిరిగి రాగానే అన్నిటినీ ఒక్క ఊపులో కుమ్మరించకుండా సెకనుకు కొన్ని చొప్పున పంపండి. పబ్‌సబ్‌క్లయింట్ విషయంలో రెండు జాగ్రత్తలున్నాయి: దాని ప్యాకెట్ బఫర్ శీర్షిక, టాపిక్ (సందేశం ఏ విభాగానిదో చెప్పేది) పేరు కలుపుకుని 256 బైట్లు, మించితే పబ్లిష్ పిలుపు తప్పు అని తిరిగి చెబుతుందే తప్ప ఇంకేమీ జరగదు, కనుక ఆ జవాబును ప్రతిసారీ చూడాలి. అది పంపేది క్యూఓఎస్ సున్నాతోనే, అంటే అందిందన్న రసీదు లేకుండా. కచ్చితమైన బట్వాడా కావాలంటే ఎస్‌ప్రెసిఫ్ సొంత అభివృద్ధి కిట్ ఈఎస్‌పీ-ఐడీఎఫ్‌లోని ఎంక్యూటీటీ క్లయింట్‌ను వాడి క్యూఓఎస్ ఒకటితో పంపండి. అందులో ఒకే సందేశం రెండుసార్లు చేరే అవకాశం ఉంది. నోడ్ ఐడీ, వరుస సంఖ్యల జంట చూసి సర్వర్‌లో రెండోదాన్ని వదిలేయవచ్చు.

అందరూ ఎంక్యూటీటీ వీలునామా (క్లయింట్ ముందుగానే బ్రోకర్ దగ్గర ఉంచే చివరి సందేశం) మీద పెట్టుకునే నమ్మకం గురించి ఒక హెచ్చరిక. క్లయింట్ పలకడం మానేస్తే బ్రోకర్ దాని వీలునామాను ప్రకటిస్తుంది, నిజమే. కాని బ్రోకర్‌కు తెలిసిన క్లయింట్ ఒక్క గేట్‌వేనే. ఏడో నోడ్ బ్యాటరీ అయిపోయి ఆగిపోతే బ్రోకర్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు, డ్యాష్‌బోర్డులో దాని చివరి ఉష్ణోగ్రత రోజుల తరబడి అలాగే కనిపిస్తుంది. కనుక నోడ్ల యోగక్షేమాలు చూడవలసిన బాధ్యత గేట్‌వేది. ప్రతి నోడ్ చివరిసారి ఎప్పుడు పలికిందో రాసుకుని, మూడు విడతలు దాటితే, మీ విషయంలో 90 సెకన్లకు, ఆ నోడ్ స్థితి టాపిక్‌లో లేదు అని ప్రకటించాలి. ఆ స్థితి సందేశాలను బ్రోకర్‌లో నిలవ ఉండే రకంగా పంపండి, కొత్తగా చేరినవాళ్లకు వెంటనే తెలుస్తుంది.

ఆజ్ఞల సంగతి సరిగ్గా దీనికి తలకిందులు. బయట నుంచి మెష్‌లోకి వచ్చే ఆజ్ఞను ఎప్పుడూ నిలవ ఉండే రకంగా పంపకూడదు. పంపితే గేట్‌వే తిరిగి కనెక్ట్ అయిన ప్రతిసారీ నిన్నటి ఆజ్ఞ మళ్లీ అమలవుతుంది. అది ఒక మోటారును నడిపేదైతే ఏమవుతుందో ఊహించండి. ఆజ్ఞను "మార్చు" అని కాక "ఆన్‌లో ఉంచు", "ఆఫ్‌లో ఉంచు" అని రాయండి, రెండుసార్లు చేరినా హాని ఉండదు. ప్రతి ఆజ్ఞకు ఒక సంఖ్య ఇచ్చి, నోడ్ నుంచి అదే సంఖ్యతో జవాబు వచ్చే దాకా అది నెరవేరినట్టు భావించకండి. గేట్‌వే అందుకున్నంత మాత్రాన మూడు అంచెల అవతలి నోడ్ అందుకున్నట్టు కాదు.

భద్రత గురించి క్లుప్తంగా: మెష్ పాస్‌వర్డ్ అన్ని బోర్డులకూ ఒకటే, ఒక బోర్డు పోతే అది ఎవరి చేతిలోనైనా ఉన్నట్టే. అందువల్ల మెష్ నుంచి వచ్చినదాన్నంతా గేట్‌వే గుడ్డిగా బయటికి పంపకూడదు. తెలిసిన నోడ్ ఐడీలు, తెలిసిన సందేశ రకాలు, సాధ్యమైన విలువల హద్దులు చూసుకుని మాత్రమే దాటనివ్వాలి. బ్రోకర్‌కు వెళ్లే దారిలో టీఎల్‌ఎస్ గుప్తీకరణతో 8883 పోర్టు వాడండి. రెండు బోర్డుల పద్ధతిలో ఇక్కడ మరో లాభం ఉంది: మెష్ బోర్డులో రూటర్ పాస్‌వర్డ్ గాని, బ్రోకర్ ఆధారాలు గాని ఉండవు. రూటర్ అతిథి నెట్‌వర్క్‌లో గేట్‌వేను పెట్టదలిస్తే, చాలా రూటర్లు అక్కడ ఒక పరికరం మరో పరికరాన్ని చూడకుండా అడ్డుకుంటాయని గుర్తుంచుకోండి. బ్రోకర్ దాకా దారి ఉందో లేదో ముందే చూసుకోవాలి.

అమర్చే క్రమం ఇలా పెట్టుకోండి. మెష్ బోర్డును మాత్రమే పెట్టి ఒక పూర్తి రోజు నోడ్ల సంఖ్య లాగ్ చూడండి. అది నిలకడగా ఉన్నాకే సీరియల్ లింకు కలిపి, రెండో బోర్డులో బ్రోకర్ కోడ్ లేకుండా వరుసలను, సీఆర్‌సీ తప్పులను మాత్రమే లెక్కించండి. ఆ తరువాత బ్రోకర్‌ను కలపండి. అన్నీ కలిశాక కావాలనే చెడగొట్టి చూడండి: బ్రోకర్‌ను పది నిమిషాలు ఆపండి, ఒక నోడ్ బ్యాటరీ తీయండి, రెండో బోర్డును రీసెట్ చేయండి. చివరగా రూటర్ ఛానల్‌ను చేత్తో మార్చండి. బ్రోకర్ కనెక్షన్ కొన్ని సెకన్లు తెగి తిరిగి రావాలి. మెష్ బోర్డు లాగ్‌లో నోడ్ల సంఖ్య మాత్రం ఆ మొత్తం సేపూ ఒక్క అంకె కూడా కదలకూడదు.